వరండాలో సంస్కారం

ఆరాధన జరుగుతుండగా ఎవరి ఫోనైనా మోగితే నాకు ఒళ్ళు మండుతుంది. మోగినందుకు కాదు. మోగిన ఫోను బ్యాగులోంచి తీసి, ఎవరు చేశారో తీరిగ్గా చూసి, గుడిలో ఉన్నాను తర్వాత మాట్లాడతానని చెప్పి మరీ పెట్టేవాళ్ళను చూస్తే మండుతుంది. ఆ చెప్పేది కూడా చిన్న గొంతుతో చెప్పరు. పక్కన పాస్టరు అయ్యగారు కళ్ళు మూసుకుని జబ్బుపడినవాళ్ళ కోసం ప్రార్థన చేస్తుంటారు. ఏళ్ల తరబడి హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పినదాన్ని, చివరి బెంచీలో గుసగుసలు కూడా పట్టేసే చెవులు నావి. గుడిలో ఆ చెవులు మూసుకోమంటే మూసుకోవు.

పెళ్ళి ఆరాధనల్లో వీడియో తీసేవాళ్ళ సంగతి ఇక చెప్పక్కర్లేదు. అందరం బయట చెప్పులు విడిచి లోపలికొస్తే వాళ్ళు బూట్లతో బలిపీఠం మెట్లెక్కి, అయ్యగారి భుజం మీంచి కెమెరా పెట్టి, పెళ్ళికూతుర్ని ఇంకోసారి ప్రమాణం చెప్పమంటారు. ప్రసంగం మొదలవగానే కొందరు ఆడవాళ్ళకు పక్కావిడ మెళ్ళో గొలుసు ఎప్పుడు చేయించిందో అడగాలనిపిస్తుంది. ఆశీర్వాదం వేళకు వచ్చి, అందరికంటే ముందు చెప్పులు తొడుక్కుని గేటు దాటేవాళ్ళున్నారు. నేను ఇవన్నీ ఎవరి మొహం మీద వాళ్ళకు చెప్పేస్తాను. అందుకే మా సంఘంలో నన్ను చూస్తే కొందరు అటు తిరిగి నడుస్తారు.

ఉండేది అమలాపురంలోనే అయినా, ఆదివారం మాత్రం స్కూటీ వేసుకుని ఉప్పలగుప్తం వైపు మా ఊరి గుడికే వెళతాను. అమలాపురంలో గుళ్ళు లేక కాదు. మా అమ్మమ్మ, వాళ్ళమ్మ, ఆవిడ అత్తగారు మోకరించిన చోటు అది. మొదట తాటాకుల పాక, తర్వాత పెంకులు, తర్వాత స్లాబు. ఈమధ్య పాతదాన్ని పడగొట్టి కొత్తది కట్టారు. పాలరాయి లాంటి టైల్సు, గాజు తలుపులు, ఏసీలు, ఆరాధన మొత్తం యూట్యూబ్‌లో వేయడానికి గోడలకు కెమెరాలు. కట్టినవాళ్ళందరూ మావాళ్ళే. ఊళ్ళో పొలాల్లో ఊడ్చి, కోసి, మోసి బతికినవాళ్ళ మనవలు. ఇవాళ టీచర్లు, నర్సులు, ఆఫీసర్లు. ఆ గుడి చూస్తే నాకు గర్వమే. ఏసీ మాత్రం మొదట్నుంచీ నచ్చలేదు. తలుపులు మూసుకుని దేవుణ్ణి పిలవడమేంటో నాకు అర్థం కాదు.

సంఘానికి కార్యదర్శి మా మేనమామ. మా అమ్మవాళ్ళు ముగ్గురు. పెద్దది మా అమ్మ, ఇప్పుడు లేదు. రెండోది మా పిన్ని. ఆఖరివాడు మావయ్య. అందరిలోకీ చదువుకున్నది ఆయనే. ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేరి, ఆఫీసరుగా రిటైరై, ఊళ్ళో ఇల్లు కట్టుకున్నారు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మాటకు ముందో వెనకో ఒక చిన్న నవ్వు. ఏ పనైనా పద్ధతిగా చేస్తారు. గుడి కట్టడంలో ఆయన పడ్డ కష్టం ఇంతా అంతా కాదు, ఆ మాట నా శత్రువులు అడిగినా చెబుతాను.

ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో ఎవరి ఫోనో సినిమా పాట ఎత్తుకుంది. ఆరాధన అయ్యాక నేను నేరుగా మావయ్య దగ్గరికి వెళ్ళి, ఇది గుడో బస్టాండో తేల్చమన్నాను. ఫోన్లు బయటే ఆపించండి, కెమెరావాళ్ళను మెట్లెక్కనివ్వకండి, ప్రసంగం మొదలయ్యాక వచ్చినవాళ్ళను వెనక కూర్చోబెట్టండి అని వరసగా చెప్పాను. ఆయన నవ్వుతూ అన్నీ విని, నువ్వన్నది నిజమేనమ్మా, ఆరాధనంటే భయభక్తులు లేకుండా పోతున్నాయి, కమిటీలో పెడతానన్నారు. నేను చాలా సంతోషంగా ఇంటికొచ్చాను. మొత్తానికి ఒక్కడైనా నా మాట విన్నాడనుకున్నాను.

మా పిన్ని గురించి చెప్పాలి. అరవై ఎప్పుడో దాటింది. మావైపు వరిచేలు చాలావరకు రొయ్యల చెరువులైపోయాక ఊడుపులు, కోతలు తగ్గి, ఆడవాళ్ళకు రొయ్యల పని వచ్చింది. చెరువులో రొయ్యలు తీసే రోజును పట్టుబడి అంటారు. అది కొనేవాడి లారీని బట్టి ఉంటుంది తప్ప మన ఆదివారాన్ని బట్టి ఉండదు. తెల్లారకముందే వ్యాను వచ్చి ఆడవాళ్ళను ఎక్కించుకుపోతుంది. షెడ్డులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీయాలి. చీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా వేసుకుంటారు. ఎన్ని చొక్కాలు వేసుకున్నా ఆ నీళ్ళు ఒంట్లోకి దిగుతాయి. కొడుకు గల్ఫ్ నుంచి ఫోను చేసి మానెయ్యమంటాడు. ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయిరా అంటుంది పిన్ని. నలుగురిలో కూర్చుని నవ్వుకుంటూ పని చేసుకోకపోతే ఆవిడకు తోచదు.

ఆదివారం పట్టుబడి పడితే ఆ ఆడవాళ్ళు వ్యాను దిగి ఇళ్ళకు వెళ్ళి, స్నానాలు చేసి వచ్చేసరికి ఆరాధన అయిపోతుంది. అందుకని గుడి మలుపులోనే దిగేస్తారు. చొక్కాలు విప్పి సంచుల్లో కుక్కి ప్రహరీగోడ పక్కన పెడతారు. కుళాయి దగ్గర మొహం, మోచేతులదాకా చేతులు, కాళ్ళు కడుక్కుని, జుట్టు సరిచేసుకుని, పమిట తల మీదుగా కప్పుకుని లోపలికి వస్తారు. పాత గుడిలో వాళ్ళు పక్క తలుపు దగ్గర చాప మీద కూర్చునేవారు. కొబ్బరితోటలోంచి గాలి వచ్చేది, పోయేది. ఎవరికీ ఏమీ అనిపించలేదు. అనిపించినా అనలేదు.

కొత్త గుడిలో తలుపులు మూసి ఉంటాయి.

వాసన వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. రొయ్య వాసన సబ్బుకు లొంగదు. ఏసీ గాలి దాన్ని బలిపీఠం దాకా మోసుకెళ్ళింది. ముందు వరుసల్లో రుమాళ్ళు బయటికొచ్చాయి. ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఆ చూసినవాళ్ళలో పొలాలు చెరువులకు లీజుకిచ్చినవాళ్ళున్నారు, సొంతంగా చెరువులు వేసినవాళ్ళున్నారు. ఆ టైల్సులో, ఆ ఏసీలో రొయ్య లేదా? వాళ్ళు కవరులో పెట్టి ఇచ్చే కానుకకు వాసన రాదు, అంతే తేడా. అదే రొయ్య తలకాయ తీసిన చేతికి వస్తుంది.

విచిత్రమేమిటంటే, అంతకు ముందు ఆదివారమే మావయ్య వాక్యం చెప్పారు. ప్రభువు తన శిష్యులను వలలు వేసుకునేవాళ్ళలోంచి ఏరుకున్నాడని, ఆయనకు మన పని చిన్నదీ పెద్దదీ కాదని. చాలా బాగా చెప్పారు. నేనూ తలూపాను.

నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం ఆదివారం నాడు గుడికి వెళ్ళేసరికి గుమ్మం పక్కన కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన పెద్ద అక్షరాలతో ఆరాధనలో భక్తి, క్రమం అని. కింద నియమాలు. నేను అడిగిన ఫోను సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మొదటిది ఇది: పని బట్టలతో గానీ, ఇతరులకు ఇబ్బంది కలిగించు వాసనతో గానీ వచ్చువారు వరండాలో ఆసీనులై ఆరాధనలో పాల్గొనవలెను. వారికి సంస్కారము చివరి బంతిగా అచ్చటనే ఇవ్వబడును.

ఇవ్వబడునట. మా ఇళ్ళల్లో ఎవరైనా అలా మాట్లాడతారా? రిటైరైనా ఆ ఆఫీసు ఆయన నాలుక మీంచి దిగలేదు.

కానీ నన్ను నిలువునా కాల్చింది ఆ మాట కాదు. చివరి బంతి అన్న మాట.

మా అమ్మమ్మ కాలంలో ఊళ్ళో మోతుబరుల ఇంట పెళ్ళయితే పొలంలో పనిచేసినవాళ్ళకు కూడా భోజనం ఉండేది. కాకపోతే బంతులన్నీ లేచాక. పందిట్లో వడ్డనలు ముగిసి, వడ్డించినవాళ్ళు కూడా తిని చేతులు కడుక్కున్నాక, పశువుల పాక వెనక ఆకులు పరిచేవారు. పప్పు చల్లారి పెంకు కట్టి ఉండేది. పిల్లలు ఆకలికి ఏడిస్తే, అదిగో ఇంకొక్క బంతి, ఇంకొక్క బంతి అని సముదాయిస్తూ గోడ బయట కూర్చునేవారు. ఆ కూర్చున్న పిల్లల్లో మా అమ్మ ఉంది, పిన్ని ఉంది. పిన్ని చంకలో మావయ్య ఉన్నారు.

మా గుడిలో సంస్కారానికి మోకరించే వరసను కూడా బంతి అనే అంటారు. బలిపీఠం ముందు చెక్క కమ్మీల కటాంజనం ఉంటుంది. దాని పొడవునా పట్టినంతమంది మోకరిస్తారు. అయ్యగారు రొట్టె ఇస్తారు, గిన్నె అందిస్తారు. వాళ్ళు లేస్తే ఇంకో బంతి. ఏ వరసలో కూర్చున్నవాళ్ళు ఆ వరస లేచి వెళ్ళడమే తప్ప ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది లేదు. ఆఫీసరు పక్కన కూలి మోకరిస్తుంది, ఆవిడ తాగిన గిన్నెకే ఆయన నోరు పెడతాడు. అమ్మమ్మకు చదువు లేదు. దేవుడి గురించి ఆవిడకు తెలిసినదాంట్లో సగం ఆ కటాంజనం దగ్గరే తెలిసింది. ఇక్కడ మనకి ఆఖరి బంతి లేదే అమ్మాయ్ అనేది, ఏదో పెద్ద రహస్యం చెబుతున్నట్టు. మేం అందుకే ఈ గుడికి వచ్చాం. ప్రసంగాలు విని రాలేదు.

అలాంటి గుడిలో, అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి, తన చేత్తో చివరి బంతి అని రాయించాడు. ఇంకెవరైనా రాయించి ఉంటే ఇంత మండేది కాదు. ఊళ్ళో మోతుబరుల మనవడు రాయిస్తే పోట్లాడి ఉండేదాన్ని, నిద్ర మాత్రం పోయి ఉండేదాన్ని.

గుమ్మం దగ్గరే మావయ్యను పట్టుకున్నాను. ఇదేంటని అడిగాను. ఆయన అందరికీ వందనాలు చెబుతూనే, నవ్వుతూనే, ఎవర్నీ రావద్దనలేదు కదమ్మా అన్నారు. కుర్చీలు వేయించాం, ఫ్యాన్లు పెట్టించాం, స్పీకరు కట్టించాం, లోపలివాళ్ళకంటే వాళ్ళకే గాలి బాగుంటుంది అన్నారు. ఇదంతా నువ్వు అడిగిన క్రమం కోసమే కదా అని కూడా అన్నారు.

ఆవేళ పట్టుబడి ఉంది. వ్యాను మలుపులో ఆగింది. ఈ నియమం సంగతి ముందు వారమే ప్రకటనల్లో చెప్పారట, నేను ఊళ్ళో లేను. కొందరు ఆడవాళ్ళు గుడి వైపు రాకుండా ఇళ్ళకు నడిచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు కుళాయి దగ్గర కడుక్కుని, ఎవరూ చెప్పకుండానే వరండాలోకి వచ్చారు. పిన్ని అందరికంటే చివర వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ అంచున, లేవమంటే వెంటనే లేవడానికి వీలుగా కూర్చుంది. నేను వెళ్ళి పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ కంగారు పడిపోయింది.

"నువ్విక్కడేంటమ్మా? లోపలికెల్లు. అందరూ చూత్తన్నారు."

చూడనీ అన్నాను. ఆవిడ నా చెయ్యి తట్టబోయి, మధ్యలో ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుని పమిట కింద పెట్టుకుంది. ఆ పనికి అప్పుడు నాకు అర్థం తెలియలేదు. మొహమాటం అనుకున్నాను.

లోపల పాటలు, పఠనాలు, ప్రసంగం అన్నీ స్పీకర్లో వినబడుతూనే ఉన్నాయి. గాజు తలుపుల్లోంచి వీపులు కనబడుతున్నాయి. ఆవేళ ప్రసంగం దేని గురించో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. సంస్కారం మొదలైంది. ఒక్కో వరస లేచి వెళుతోంది. మా వరండాలో కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని ఎదురుచూస్తున్నారు. ఒక బంతి, ఇంకో బంతి, ఇంకో బంతి. వాళ్ళ మొహాల్లో కోపం లేదు. ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు. బస్సు కోసం చూసినట్టు చూస్తున్నారు.

అందరూ అయ్యాక తలుపు తీసుకుని అయ్యగారు బయటికొచ్చారు. కుర్రవాడు, వచ్చి ఏడాది కూడా కాలేదు. సంఘం పెద్దలు చెప్పినదానికి ఎదురు చెప్పే వయసూ కాదు, ధైర్యమూ లేదు. పళ్ళెం పట్టుకుని తల వంచుకుని ఒక్కొక్కరి దగ్గరికి వచ్చారు. మోకరించడానికి కటాంజనం లేదు కదా, వాళ్ళు కుర్చీల ముందు గచ్చు మీదే మోకరించారు. రొట్టె ఇచ్చారు, గిన్నె అందించారు. పిన్ని దగ్గరికి వచ్చారు.

పిన్ని మోకరించలేదు. చేతులు చాచలేదు. రెండు చేతులూ పమిటలో చుట్టుకుని లేచి నిలబడింది.

"నాకొద్దండి అయ్యగారు. చేతులు బాలేదండి."

అయ్యగారు నావైపు చూశారు. నేను ఆవిడ చేతులు బయటికి లాగాను. వ్యానులో వస్తూ దారంతా నిమ్మచెక్కలతో రుద్దుకుందట. వాసన పోలేదని కుళాయి దగ్గర బ్లీచింగు పౌడరు కనబడితే, మరుగుదొడ్లు కడగడానికి పెట్టినది, అది చేతులకు పట్టించి ఇటుకముక్కతో తోమిందట. ఇది పక్కనున్నావిడ చెప్పింది. వేళ్ళ మధ్య తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. రొయ్య ముళ్ళు గుచ్చుకున్న గాట్లన్నీ తెరుచుకున్నాయి. ఆ చేతుల్లో రొట్టె పెడితే మరకలవుతాయని ఆవిడ భయం.

అయ్యగారు నాకివ్వబోయారు. నేనూ వద్దన్నాను. కోపంతో సంస్కారం తీసుకోకూడదని మాకు చిన్నప్పట్నుంచీ నేర్పారు. ఆవేళ నా ఒంట్లో కోపం తప్ప ఇంకేమీ లేదు.

పిన్నిని డాక్టరు దగ్గర చూపించి, మందు రాయించి, ఇంట్లో దింపి, మధ్యాహ్నం మావయ్య ఇంటికి వెళ్ళాను. భోంచేసి పడక్కుర్చీలో ఉన్నారు. జరిగింది చెప్పాను. చేతుల సంగతి చెప్పాను. ఆయన నవ్వు పోయింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఫ్లెక్సీ తీయించేస్తానని అనలేదు. తన సంగతి ఎత్తుకున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన కుర్చీ పక్కనున్న కిటికీ రోజూ ఎవరో ఒకరు తెరిచేవారట. వానాకాలం కూడా. తను రోజూ రెండు పూటలా స్నానం చేసేవారు, పౌడరు రాసుకునేవారు, ఉతికిన చొక్కా తప్ప వేసేవారు కాదు. అయినా తెరిచేవారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు, తెరిచేవారు, అంతే. మన గుడిని ఇప్పుడు యూట్యూబ్‌లో ఎక్కడెక్కడివాళ్ళో చూస్తున్నారు, ఊళ్ళో మోతుబరులు కూడా పెళ్ళిళ్ళకు వస్తున్నారు, మనల్ని చూసి మళ్ళీ ఇంకెవడూ ముక్కు మూసుకోకూడదు, నేను చూడాలనుకున్నది అదొక్కటే అన్నారు.

ఆయన్ని చూస్తే జాలేసింది. కోపం మాత్రం ఒక్క వీసం తగ్గలేదు. జాలి, కోపం ఒకే మనిషి మీద ఒకేసారి రావని అనుకునేదాన్ని. వస్తాయి.

"కిటికీ తీసినవాళ్ళే నయం మావయ్యా," అన్నాను. "మీ కుర్చీ గదిలోనే ఉండనిచ్చేరు."

నేను మంచినీళ్ళు కూడా తాగకుండా లేచి వచ్చేశాను.

తర్వాత రోజుల్లో నేను ఊరుకోలేదు. కమిటీలో ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళాను. కొందరు నిజమేనండి అన్నారు, కమిటీలో అనండి అంటే మాత్రం మీ మావయ్యగారిది కదండీ నిర్ణయం అన్నారు. ఒకావిడ, నా తోటి టీచరే, ఆయ్, మీరన్నది కరెక్టేనండి అంటూనే మా కోడలికి ఆ వాసన పడదండి అంది. పడని వాసన పులుసులో ఎలా పడుతోందని అడిగాను. ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. మానేస్తే మానేసింది.

పిన్ని దగ్గరికి మాత్రం ధైర్యం చెప్పడానికే వెళ్ళాను. చేతులకు పట్టీలు కట్టుకుని వీధి అరుగు మీద కూర్చుని ఉంది. మావయ్య మీద నాలుగు మాటలంటుందని, అంటే నా మనసు కొంచెం చల్లబడుతుందని ఆశపడ్డాను. ఆవిడ మావయ్యను ఒక్క మాట అనలేదు. పైగా నన్నే మందలించింది, పెద్దవాడితో ఆ మాటలేంటని. తర్వాత, చాలా మెల్లిగా, తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"వాసన ఉన్నమాట నిజమే కదమ్మా. ఇన్నాళ్ళూ పాపం ఎవరూ చెప్పలేదు, మొగమాటపడ్డారు. ఇన్నేళ్ళూ ఈ చేతుల్తోనే పట్టుకున్నానే ఆ రొట్టి. ఆయనకెలా ఉండుంటాదో."

ఆయన అంటే దేవుడు. ఇంతకాలం తను చేతులు చాచిన ప్రతిసారీ దేవుడు కూడా మొహమాటానికి ఊరుకున్నాడని ఆవిడ లెక్క. నేను ఏమేమో చెప్పాను. దేవుడు మనసు చూస్తాడన్నాను, చేతులు చూడడన్నాను, వలలు వేసేవాళ్ళ సంగతి చెప్పాను. ఆవిడ అన్నిటికీ ఆయ్, ఆయ్ అంది. ప్రసంగం విన్నట్టే శ్రద్ధగా వింది. నేను చెప్పినవన్నీ ఆవిడకు ముందే తెలుసు. ఎన్ని ఆదివారాలు విందో. గుమ్మం దగ్గర ఒక్క ఫ్లెక్సీ కట్టి అవన్నీ చెరిపేశారు మావాళ్ళు.

నేను కోపిష్టిదాన్నని మా ఇంట్లో అందరూ అంటారు. కానీ ఆ అరుగు మీద వచ్చిన కోపం నాకు అంతవరకూ తెలిసిన కోపం కాదు. ఫోను మోగినప్పుడు వచ్చేది కాదు. మనిషి తిండి లాక్కున్నవాడి మీద వచ్చేది. పిన్నికి సంస్కారం అంటే అంతే, నెల పొడుగునా దాని కోసమే చూసుకునేది. ముందురోజు నుంచి ఎవరినీ పరుషంగా ఒక్క మాట అనేది కాదు. ఎవరితోనైనా మాట పట్టింపు ఉంటే వాళ్ళింటికి వెళ్ళి సర్దుకుని వచ్చేది. చేతులు జోడించుకుని వెళ్ళి, జోడించుకుని తిరిగి వచ్చేది. భక్తి, క్రమం అంటే ఏమిటో చూపించమంటే నేను ఆవిడను చూపించి ఉండేదాన్ని. మా సంఘం భక్తి కోసం నియమం పెట్టి, ఉన్న ఆ కాస్త భక్తినీ తలుపు బయట కూర్చోబెట్టింది.

ఆ తర్వాత కూడా పిన్ని గుడి మానలేదు. వరండాలో కూర్చునేది. అయ్యగారు పళ్ళెంతో వస్తున్నారంటే లేచి కుళాయి వైపు వెళ్ళేది. నేను ప్రతిసారీ పక్కనే కూర్చున్నాను. నా వెనక ఇంకెవరూ రాలేదు.

ఒకరోజు గుడికి వెళితే ఫ్లెక్సీ లేదు. వరండాలో కుర్చీలూ లేవు. మావయ్య తనే తీయించేశారని, కమిటీలో ఎవరినీ అడగలేదని తర్వాత తెలిసింది. పక్క తలుపులు రెండూ బార్లా తెరిపించారు. ఏసీ ఆపించి ఫ్యాన్లు వేయించారు. ఎందుకు తీయించారో ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. నేనూ వెళ్ళి మెచ్చుకోలేదు. పెట్టకూడనిది పెట్టి, తీసినందుకు మెచ్చుకోవడమేంటి?

ఆ ఆదివారం సంస్కారం ఉంది. పట్టుబడి లేదు. పిన్ని తలంటుకుని, గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుని వచ్చింది. చేతులు మానిపోయాయి, కొత్త తోలు లేతగా కనబడుతోంది. నేనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి ఆడవాళ్ళ వైపు మధ్య వరసలో నా పక్కన కూర్చోబెట్టాను. పాటలు పాడింది. ప్రసంగం విన్నది. నాకు ఎన్నో నెలల తర్వాత ఊపిరి ఆడినట్టయింది.

మా వరస లేచింది. నేను లేచి, పద పిన్నీ అన్నాను. ఆవిడ కదలలేదు. పక్కవాళ్ళు ఆగి చూస్తున్నారు. చెయ్యి పట్టుకుని లాగాను. మెత్తగా విడిపించుకుంది. అయ్యగారు కటాంజనం దగ్గర పళ్ళెం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నాకు అరవాలనిపించింది, ఎవరి మీదని తెలియక ఊరుకున్నాను.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి మావయ్య లేచారు. మా గుడిలో ఆరాధన మధ్యలో మగవాళ్ళు ఆడవాళ్ళ వైపు రారు. ఆయన వచ్చారు. నడవ దాటి, మా వరస పక్కన నిలబడి, అందరూ చూస్తుండగా వంగి చేతులు చాచారు.

"అక్కా, రా. తప్పైపోయింది. నువ్వు రాకపోతే నేను వెళ్ళలేను."

పిన్ని తల మీద పమిట సర్దుకుంది. తను ఎత్తుకుని తిరిగిన తమ్ముణ్ణి తలెత్తి చూడకుండా, ఆయన బొత్తాల దగ్గర చూపు పెట్టి, చాలా మర్యాదగా చెప్పింది.

"పర్లేదండి. మీరు కానివ్వండి."

సొంత తమ్ముణ్ణి ఆవిడ అండీ అనడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. మావయ్యా వినలేదు. చాచిన చేతులు అలాగే ఉండిపోయి, ఆయన అక్కడే నిలబడిపోయారు. పిన్ని కాళ్ళు పక్కకు ముడుచుకుని, మిగతావాళ్ళు బంతికి వెళ్ళడానికి దారి ఇచ్చింది.